రెండో భాగాన్ని తూచే ముందు

వడపళని, చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన సమీక్ష అందిందమ్మా. మొదటిసారి పాఠకుడిగా చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకొని చదివాను. విడుదలైన ఇన్నేళ్ల తరువాత ‘2.0’ను దాని మొదటి భాగం ‘రోబో’ పక్కన పెట్టి చూడాలన్న ఆలోచన నీకు కలగడం నాకు సంతోషాన్నిచ్చింది. సినిమా వచ్చిన వారంలో రాసే రాతల మీద ఊరి సందడి ప్రభావం కొంతైనా పడుతుంది. తీరిగ్గా రాసేవారికి ఆ ఇబ్బంది ఉండదు. అయితే నీ నాలుగు పేజీలు చదివాక నా చేతిలో మిగిలింది ఒక్క వాక్యమే: ‘అసలుకు సాటి రాలేదు.’ ఆ తీర్పుతో నాకు పెద్ద పేచీ లేదు. అక్కడికి నువ్వు చేరిన దారి గురించే ఈ ఉత్తరం.

నీ వ్యాసంలో కొలతలు చాలా ఉన్నాయి. 500 కోట్లు దాటిందని అప్పట్లో చెప్పుకున్న ఖర్చు, త్రీడీ చిత్రీకరణ, ఫోన్లన్నీ కలిసి కట్టిన పక్షి ఆకారం, 2010కీ 2018కీ మధ్య గ్రాఫిక్స్‌లో వచ్చిన తేడా, ఇవన్నీ శ్రద్ధగా సేకరించావు. ఇంత పెద్ద సినిమా మొదటిదానికంటే ఎందుకు చిన్నగా అనిపించిందో మాత్రం ఎక్కడా చెప్పలేదు. ‘ఆత్మ లోపించింది’ అన్నావు. ఆ మాటను ఏ సినిమాకు తగిలించినా అతుక్కుంటుంది కనుక, ఈ సినిమా గురించి అది మనకేమీ చెప్పదు.

నేను చేసే పద్ధతి చెబుతాను. రెండో భాగాన్ని చూసే ముందు మొదటి భాగం చివరి పది నిమిషాలను మళ్లీ చూస్తాను. కథకుడు ఏ ప్రశ్నను మన చేతిలో పెట్టి వెళ్లాడో అక్కడ తెలుస్తుంది. ‘రోబో’ చివర న్యాయస్థానం చిట్టి అనే ఆ మరమనిషిని విడదీయమంటుంది. చిట్టి అందరి దగ్గరా సెలవు తీసుకొని, తన చేతులతోనే తన భాగాలను ఒక్కొక్కటిగా విప్పుకుంటుంది. తరువాత 2030లో ఒక మ్యూజియం. అద్దాల వెనుక ఉన్న ఆ యంత్రాన్ని ఎందుకు విడదీశారని బడిపిల్ల అడిగితే, తాను ఆలోచించడం మొదలుపెట్టినందుకేనని చిట్టి తల జవాబిస్తుంది. దర్శకుడు శంకర్ తీసిన ఈ మొదటి భాగంలో నాకు అన్నిటికంటే విలువైనది ఆ జవాబే. ఆలోచించగలిగిన దానిని విప్పి అద్దాల పెట్టెలో పెట్టే హక్కు మనకు ఎవరిచ్చారన్న ప్రశ్న అందులో ఉంది.

ఇప్పుడు రెండో చిత్రానికి రా. ఊరి ఫోన్లన్నీ గాలిలోకి ఎగిరిపోతాయి, ప్రభుత్వానికి దిక్కు తోచదు, చిట్టిని తయారుచేసిన శాస్త్రవేత్త వశీకరణ్ దానిని మళ్లీ జోడించాలంటాడు. అనుమతి ఇవ్వాలా వద్దా అని పెద్దలు తర్జనభర్జన పడతారు. చిట్టికి తిరిగి రావడం ఇష్టమో కాదో అడగాలన్న ఆలోచన ఒక్కరికీ రాదు. ఆలోచించినందుకు శిక్ష అనుభవించిన యంత్రం, అగ్నిమాపక శకటంలాగా పిలవగానే వచ్చి పనిచేస్తుంది. చిట్టి ప్రేమించిన, దాని పతనానికి మూలమైన సన ఈ చిత్రంలో ఫోన్‌లో గొంతుగా మాత్రమే వినిపిస్తుంది. చిట్టిని రాక్షసంగా మార్చిన ఎర్ర చిప్ మళ్లీ వస్తుంది, జనం ఈలలు వేస్తారు. కానీ మొదటి చిత్రంలో ఆ చిప్ వెనుక బోరా అనే మనిషి దురాశ ఉంది, ఇక్కడ అది అభిమానుల ముచ్చట తీర్చడానికి వచ్చినట్టుంది. నువ్వు ‘ఆత్మ’ అన్నది ఇదే అయితే, దానిని ఈ సన్నివేశాలతోనే చెప్పాలి.

ఇంకా లోతుకు వెళితే, ఇందులో తప్పంతా రెండో చిత్రానిది కాదని నీకే తెలుస్తుంది. హాలీవుడ్‌లో వచ్చిన ‘టెర్మినేటర్’ మొదటి రెండు చిత్రాలను తీసుకో. 1984లో జేమ్స్ కామెరాన్ తక్కువ ఖర్చుతో తీసిన మొదటి చిత్రంలో యంత్రం చంపడానికి వస్తుంది, ఆగకుండా వెంటాడుతుంది. 1991 నాటి రెండో చిత్రంలో అదే ముఖంతో వచ్చిన యంత్రం ఒక పిల్లవాడిని కాపాడడానికి వస్తుంది, మనిషి ప్రాణం విలువ ఆ పిల్లవాడి దగ్గరే నేర్చుకుంటుంది, చివరికి తన తలలోని చిప్ కూడా మిగలకూడదని మరిగే ఉక్కులోకి దిగిపోతుంది. మొదటి చిత్రంలో హోటల్లో పనిచేసే మామూలు అమ్మాయి సారా, రెండోదానికి వచ్చేసరికి జరగబోయేది తెలిసినందుకే పిచ్చాసుపత్రిలో బందీ అయి, పోరాడడం నేర్చుకున్న తల్లిగా మారుతుంది. మొదటి కథ పూర్తి చేయకుండా వదిలిన దారి ఒకటి ఉండబట్టే రెండో కథకు నడవడానికి చోటు దొరికింది.

‘రోబో’ను దీని పక్కన పెట్టి చూడు. ఏమీ తెలియని యంత్రం మనిషిలాగా మారడం, ప్రేమించడం, రాక్షసంగా తయారవడం, చివరికి తనను తాను విప్పుకోవడం, ఇవన్నీ ఒక్క చిత్రంలోనే ఉన్నాయి. కామెరాన్‌కు రెండు చిత్రాలు పట్టిన ప్రయాణాన్ని శంకర్ ఒక్కదానిలో ముగించారు. అంటే మొదటి భాగం తన రెండో భాగాన్ని కూడా తానే తినేసింది. 2.0కు మిగిలిన దారం ఆ మ్యూజియం ఒక్కటే; దానిని పట్టుకోలేదు కనుక కొత్త ప్రతినాయకుడిని వెతుక్కోవలసి వచ్చింది. ‘సాటి రాలేదు’ అన్న నీ తీర్పు వెనుక నాకు కనిపించే అసలు కారణం ఇదే. దీనికి నువ్వు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. కాదంటే ఎందుకు కాదో రాయి, చదవడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

పోరాటాల గురించి నువ్వు రాసిన పేరా మొత్తం తిరగరాయాలి. ‘కళ్లు చెదిరే’ అన్న విశేషణం అందులో మూడుసార్లు వచ్చింది. యాక్షన్ గురించి రాసేటప్పుడు బలాన్ని వర్ణించకు, హద్దును వెతుకు. ‘రోబో’లో రైలు పోరాటం గుర్తుందా? చిట్టి ఎంతమందినైనా కొట్టగలదు, కానీ చార్జింగ్ అయిపోతే కదలలేదు. అందరినీ ఆదుకుంటున్న యంత్రం ఉన్నట్టుండి ఉత్త లోహపు బొమ్మగా మారి దెబ్బలు తింటుంటే మన గుండె జారుతుంది. మళ్లీ విద్యుత్తు అందుకొని లేచి పరిగెడితే మనమూ కుర్చీలో లేచి కూర్చుంటాం. ఆ హద్దు ముందే మనకు తెలుసు కాబట్టే ఆ ఉత్కంఠ. రెండో చిత్రంలో ప్రతినాయకుడు ఒక ఆత్మ, అతని శక్తికి ‘ఆరా’ (ప్రాణి చుట్టూ ఉంటుందని చెప్పే శక్తి వలయం) అనే వివరణ. ఫోన్లు ఏ రూపమైనా ఎత్తగలవు. అవి ఏది చేయలేవో మనకు చివరి దాకా తెలియదు. హద్దు తెలియని బలం ఎంత పెద్దదైనా చూసేవాడికి భయం పుట్టదు, ఆశ్చర్యం మాత్రమే పుడుతుంది. ఆ ఆశ్చర్యం నాలుగైదు నిమిషాలకు తీరిపోతుంది. కామెరాన్ 1991లో కరిగి మళ్లీ కూడుకునే లోహపు మనిషిని చూపించినప్పుడు కంప్యూటర్‌తో గీసిన దృశ్యాలన్నీ కలిపి ఐదారు నిమిషాలకు మించవు. తక్కిన రెండు గంటలూ ఆ లోహాన్ని ఏది ఆపగలదా అని మనం వెతుకుతూనే ఉంటాం.

మాటల రచయితల సంగతి నీ వ్యాసంలో లేదు, చేర్చు. ‘రోబో’ మాటల్లో ‘సుజాత’ అనే కలంపేరుతో రాసిన తమిళ రచయిత రంగరాజన్‌కు భాగం ఉంది. ఆయన బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో పనిచేసిన ఇంజనీరు, ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం రూపకల్పనలో పాలుపంచుకున్నవారు. సినిమా తెరకు ఎక్కక ముందే 2008 ఫిబ్రవరిలో కన్నుమూశారు. చెప్పిన మాటను చిట్టి అక్షరాలా పాటించి చిక్కులు తెచ్చుకునే హాస్యంలో, యంత్రానికి ఆజ్ఞలు రాసి అలవాటైన మనిషి చెయ్యి నాకు కనిపిస్తుంది. 2.0కు శంకర్‌తో కలిసి మాటలు రాసింది జయమోహన్, ఆయన నవలాకారుడు. ప్రతినాయకుడు పక్షిరాజన్ గతం చెప్పే భాగంలోని బరువు అక్కడి నుంచే వచ్చిందని నా అనుమానం. అనుమానాన్ని అనుమానంగానే రాయాలి సుమా.

ఆ భాగాన్ని నువ్వు ‘సాగతీత’ అని ఒక్క ముక్కలో తోసేశావు. అక్కడ మాత్రం నీతో గట్టిగా విభేదిస్తున్నాను. పక్షుల కోసం ప్రతి గుమ్మం ఎక్కి దిగి, ఎవరూ వినక, చివరికి సెల్ టవర్‌కే ఉరి వేసుకున్న ఆ ముసలి పక్షిశాస్త్రవేత్త, మొదటి చిత్రంలోని బోరా కంటే ఎన్నో రెట్లు నిండైన పాత్ర. 2018లో మొదటివారం చూసి వచ్చి నేనూ నీలాగే రాశాను. ఇంటర్వెల్ తరువాత కథ ఆగిపోయిందని ఒక పత్రికకు పంపాను. రెండేళ్ల తరువాత ఇంట్లో టీవీలో ఆ సినిమా వస్తుంటే, ఆ టవర్ దృశ్యం దగ్గర మా మనవడు నా చెయ్యి పట్టుకొని, ఆ తాత మాట ఎవరూ ఎందుకు వినలేదని అడిగాడు. మొదటి భాగం మ్యూజియంలో ఒక పిల్ల అడిగిన ప్రశ్నకు ఇది తోబుట్టువులా అనిపించింది. నేను పంపిన ఆ సమీక్షను వెనక్కి తీసుకునే వీలు లేకపోవడం ఈనాటికీ బాధగానే ఉంది. నీకు ఇంకా ఆ వీలుంది.

అయితే ఆ పాత్ర మీద గౌరవంతో సైన్సును వదిలేయకు. సెల్ టవర్ల రేడియేషన్ వల్లే పక్షులు చనిపోతున్నాయని సినిమా నిశ్చయంగా చెబుతుంది. విడుదలకు ముందు సెల్ కంపెనీల సంఘం సెన్సార్ బోర్డుకు ఫిర్యాదు చేసింది కూడా. పిచ్చుకల విషయంలో ఆ నిందకు గట్టి ఆధారం దొరకలేదు. 2020లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక ప్రకారం, పిచ్చుకలు మహానగరాలలో తగ్గినా దేశం మొత్తం మీద దాదాపు నిలకడగానే ఉన్నాయి. గూడు కట్టడానికి సందులున్న పెంకుటిళ్లు పోవడం, పిల్లలకు పెట్టడానికి పురుగులు దొరకకపోవడం వంటి కారణాలను పక్షుల నిపుణులు చెబుతారు. మన టి.నగర్ వీధుల్లో పాత ఇళ్లు పోయి అపార్ట్‌మెంట్లు లేచిన తీరు చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. సైన్స్ ఫిక్షన్ ఊహించవచ్చు, కానీ మన కాలపు నిజమైన నష్టానికి కారణం చూపిస్తున్నప్పుడు దాని మీద బాధ్యత పెరుగుతుంది. ఈ ఒక్క విషయానికి నీ వ్యాసంలో ఒక పూర్తి పేరా ఇవ్వు.

చివరిగా ఒక పని చెప్పాలి. ‘రోబో’ వచ్చినప్పుడు నీకు తొమ్మిదేళ్లన్నావు. మీ నాన్నగారి పక్కన కూర్చొని తమిళంలో చూశానని, ఇంటికొచ్చి చిట్టిలా నడిచానని రాశావు. ఆ వాక్యాలు వ్యాసంలో అన్నిటికంటే ప్రాణమున్నవి, వాటిని తీసెయ్యకు. అయితే 2.0తో నువ్వు పోల్చింది ఆ తొమ్మిదేళ్ల సాయంత్రాన్ని. ఏ దర్శకుడూ దానితో పోటీ పడి గెలవలేడు. పెద్దయ్యాక ‘రోబో’ను మొత్తంగా మళ్లీ చూసినట్టు నీ రాతలో ఎక్కడా లేదు. ఈ వారం చూడు. మంటల్లోంచి చిట్టి కాపాడి తెచ్చిన అమ్మాయి, ఒంటి మీద బట్ట లేకుండా పదిమంది ముందు నిలబడవలసి వచ్చి, పారిపోతూ లారీ కింద పడి చనిపోయే దృశ్యం నీకు చిన్నప్పుడు ఎలా అనిపించిందో, ఇప్పుడు ఎలా అనిపిస్తోందో రెండూ రాయి. ఆ చావును కథ యంత్రానికి ఒక పాఠంగా వాడుకొని ముందుకు వెళ్లిపోతుంది. అది నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. మొదటి భాగంలోనూ లోటు ఉందని ఒప్పుకున్నాక ‘సాటి’ అన్న మాట వ్యాసంలో నిలుస్తుందో లేదో నువ్వే చూసుకో.

తిరగరాసిన ప్రతిని పంపేటప్పుడు పాత ప్రతిని కూడా జతచేయి. ఆదివారం ఉదయం నేను ఇంట్లోనే ఉంటాను. వీలైతే నువ్వే తీసుకొనిరా, ఆ మ్యూజియం దృశ్యాన్ని ఇద్దరం కలిసి ఇంకొకసారి చూద్దాం.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి