డొమైన్ లోంచి తీసే ముందు

చిరంజీవి బుజ్జమ్మకు,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. చేరిన పదిరోజులకే ఎకౌంట్స్ సెక్షన్ కంప్యూటర్ ఒకటి నీకు అప్పజెప్పారట, అది రెండ్రోజులకోసారి డొమైన్‌తో (లాగిన్లన్నీ చూసుకునే మీ ఆఫీసు సర్వర్ నెట్‌వర్కుతో) తెగిపోతోందట, బుధవారం దాన్ని తీసేసి మళ్లీ చేరుస్తానంటున్నావట. నా మేనకోడలు నా పనిలోకే వచ్చిందని ఎంత పొంగిపోయానో! కానీ ఆ ‘తీసేసి’ అన్న మాట విన్నాక నిద్ర పట్టలేదు. పొద్దున్నే కూర్చుని ఇది రాస్తున్నాను.

ముందు చూడాల్సినవి నీకు తెలిసినవే. కేబుల్ క్లిప్పు విరిగిందేమో చూడు. ఐపీ (నెట్‌వర్కులో మెషిన్ అడ్రసు) 169.254తో మొదలైతే అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ నుంచి అడ్రసు రాలేదన్నమాట. పేర్లకు అడ్రసులు వెతికిపెట్టే డీఎన్ఎస్‌లో మీ సర్వర్ అడ్రసే ఉండాలి. నెట్ స్లోగా ఉందని ఎవరో ఒకరు గూగుల్ వాళ్ల 8.8.8.8 పెట్టేస్తారు. నెట్ వస్తుంది, మీ డొమైన్ మాత్రం దొరకదు.

ఇవన్నీ బాగుంటే స్క్రీన్ మూల గడియారం చూడు. తారీఖు, సంవత్సరం కూడా చూడు.

2012 వేసవిలో నేను విజయవాడలో ఒక ఆఫీసులో సిస్టమ్స్ చూసేవాణ్ణి. అప్పటి కరెంటు కోతలు నీకు గుర్తుండవు, గంటల తరబడి పోయేది. జీతాల బిల్లులు చేసే పెద్దాయన కంప్యూటర్ పొద్దున్నే లాగిన్ అవనిచ్చేది కాదు. ఒక్కోరోజు కాసేపటికి దానంతటదే సర్దుకునేది, ఒక్కోరోజు మధ్యాహ్నం దాకా మొరాయించేది. టైములో తేడా ఉందని మెసేజ్ వచ్చేది. నేను సగం చదివి క్లోజ్ చేసేవాణ్ణి. నెలాఖరున, బిల్లు పంపాల్సిన రోజే, నువ్వనుకున్నట్టే నేనూ అనుకున్నాను. కేబుల్ పీకి, ఆ మెషిన్‌లో అంతకుముందు వాడిన నా లాగిన్‌తో లోపలికెళ్లి వర్క్‌గ్రూప్‌కి, అంటే డొమైన్‌తో సంబంధం లేని విడి మెషిన్‌గా, మార్చాను. లోకల్ (ఆ ఒక్క మెషిన్‌కే చెందిన) అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ తెలిసుండాలి సుమా అని విండోస్ హెచ్చరించింది. ఓకే నొక్కాను.

రీస్టార్ట్ అయ్యింది. డొమైన్ లాగిన్లు ఇక పనిచెయ్యవు. లోకల్ పాస్‌వర్డ్ మెషిన్ అమ్మినవాళ్ల కుర్రాడు పెట్టింది, అదేమిటో ఎవరికీ తెలీదు. జీతాల షీట్లన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి, బ్యాకప్ లేదు. పెద్దాయన నా వెనక కుర్చీలోనే ఉన్నారు. తిడితే బాగుండేది. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, “అమ్మాయి ఫీజు కట్టాలి నాయనా, రేపటికైనా అవుతుందా?” అన్నారు. నాకు నోట మాట రాలేదు.

హార్డ్ డిస్క్ విప్పి, ఇంకో కంప్యూటర్‌కి తగిలించి, ఫైళ్లు కాపీ చేసేసరికి రాత్రి రెండైంది. ఆఫీసు మొత్తానికి జీతాలు ఒకరోజు ఆలస్యం. తెల్లారి అటెండర్ టీ ఇస్తూ, “దీంట్లో టైము ఎప్పుడూ తప్పేనండి, కరెంటు పోయొస్తే 2009 చూపిస్తది” అన్నాడు. మూత తీసి చూస్తే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు, సీఆర్2032, అయిపోయి ఉంది. కరెంటు పోయినప్పుడల్లా గడియారం వెనక్కి వెళ్లిపోయేది. సర్వర్‌కీ మెషిన్‌కీ ఐదు నిమిషాలు మించి తేడా ఉంటే, డొమైన్ లాగిన్‌లను సరిచూసే కెర్బెరోస్ ఒప్పుకోదు. సర్వర్ నుంచి టైము సరిచేసుకున్న రోజు మధ్యలో బాగయ్యేది. పాతిక రూపాయల సెల్లు వేస్తే పోయేదానికి ఒక పెద్దమనిషిని అంత కష్టపెట్టాను. ఆ మెషిన్ ముందు రోజూ కూర్చునే మనిషిని ఒక్క మాట అడగలేదు చూడు, అదే నాకు ఇప్పటికీ బాధ.

అందుకని నువ్వు ముందు ఆ సెక్షన్‌వాళ్లను అడుగు. ఎప్పుడు తెగుతోంది, కరెంటు పోయాకా, సెలవల తర్వాతా? పాత ఇమేజ్ (మెషిన్ మొత్తానికి ముందు తీసిపెట్టిన కాపీ) ఎవరైనా రీస్టోర్ చేశారా? ప్రతి మెషిన్‌కీ డొమైన్‌తో ఒక రహస్య పాస్‌వర్డ్ ఉంటుంది, మామూలుగా 30 రోజులకోసారి అదే మార్చుకుంటుంది. పాత ఇమేజ్ వేస్తే పాత పాస్‌వర్డ్ వస్తుంది, సర్వర్ దగ్గర కొత్తది ఉంటుంది, ఇక పొసగదు. ఇంకో కంప్యూటర్‌ని అదే పేరుతో చేర్చినా ఇంతే. అప్పుడు కూడా తీసేయక్కర్లేదమ్మా. అడ్మిన్‌గా పవర్‌షెల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) తెరిచి టెస్ట్-కంప్యూటర్‌సెక్యూర్‌ఛానెల్ (Test-ComputerSecureChannel) అని ఇవ్వు, ఆ పాస్‌వర్డ్ సర్వర్‌తో పొసగుతోందో లేదో చెప్తుంది. ఫాల్స్ అంటే, దాని వెనకే రిపేర్ (-Repair) జోడించి, డొమైన్ అడ్మిన్ లాగిన్ ఇచ్చి నడుపు. చాలాసార్లు అక్కడితో అతుక్కుంటుంది.

తీయక తప్పదనుకుంటే మాత్రం, లోకల్ అడ్మిన్‌తో నువ్వే ఒకసారి లాగిన్ అయి చూడు. పాస్‌వర్డ్ ఫలానా అని ఎవరో చెప్తే నమ్మకు. ఫైళ్లు వేరేచోట కాపీ చేసుకో. మూత విప్పేటప్పుడు ప్లగ్గు పీకెయ్, స్విచ్ ఆపాను కదా అని చెయ్యి పెట్టావని తెలిస్తే ఊరుకోను.

ఆరేళ్లప్పుడు నా ఒళ్లో కూర్చుని స్క్రీన్ మీద ఏ డబ్బా వచ్చినా “మామయ్యా, ఇదేం అంటోంది?” అని అడిగేదానివి. చెప్పేదాకా ఓకే నొక్కనిచ్చేదానివి కాదు. ఇప్పుడూ అలాగే చదువు తల్లీ.

బుధవారం ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. ట్రూ వచ్చిందో ఫాల్స్ వచ్చిందో ముందు అదే చెప్పు.

మీ మామయ్య