ముందు లెక్క, తర్వాతే ప్లేటు

ప్రశ్న: సర్, మాది స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యాంకులు చేసే వర్క్‌షాపు. జర్మనీ కస్టమరు ఒకరు 300 లీటర్ల నైట్రోజన్ ట్యాంకు అడిగారు. గరిష్ఠ పీడనం 6 బార్. మాకు ఏఎస్ఎంఈ యూ స్టాంపు (అమెరికా కోడ్ ప్రకారం పీడన ట్యాంకులు చేసేందుకు గుర్తింపు) ఉంది. అయినా సీఈ గుర్తు (యూరప్ నిబంధనలకు సరిపోతుందని చూపే ముద్ర) కావాలంటున్నారు. డెలివరీ టైం తక్కువ, టెన్షన్‌గా ఉంది. ప్లేటు ఆర్డరు పెట్టేయవచ్చా?

జవాబు: ఇప్పుడే పెట్టకండి. ఇలాంటి పనుల్లో డబ్బు పోయేది ప్లేటు దగ్గరే.

0.5 బార్ దాటిన పీడన పరికరాలకు యూరప్‌లో 2014/68/ఈయూ అనే ఆదేశం వర్తిస్తుంది. పీడనాన్ని లీటర్లతో గుణించండి: 6 ఇంటూ 300, అంటే 1800. నైట్రోజన్ రెండో గ్రూపు వాయువు, అంటే మండడం, విషం లాంటి ప్రమాదాలు లేనిది. ఆ గ్రూపులో 1000 దాటి 3000 దాకా మూడో కేటగిరీ; కేటగిరీ పెరిగేకొద్దీ తనిఖీ కఠినం. అదే ట్యాంకులో మండే వాయువు, అంటే మొదటి గ్రూపుదైన హైడ్రోజన్ నింపితే నాలుగో కేటగిరీకి పోతుంది. అందుకే లోపల ఏం నింపుతారో కస్టమరు చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి.

మూడో కేటగిరీ అంటే మీ సొంత డిక్లరేషన్ ఒక్కటే చాలదు, నోటిఫైడ్ బాడీ (ఈ తనిఖీకి అధికారికంగా గుర్తించిన స్వతంత్ర సంస్థ) రావాలి. సీఈ పక్కన ఉండే నాలుగంకెల నంబరు వాళ్లదే. ఏఎస్ఎంఈ కోడ్ ప్రకారం డిజైన్ చేయడానికి అడ్డేమీ లేదు, కానీ ఆదేశంలోని భద్రతా నిబంధనలన్నీ తీరాయని విడిగా చూపాలి. హైడ్రోటెస్టే (ట్యాంకును నీటితో నింపి పీడనం పెట్టే పరీక్ష) చూడండి. ఏఎస్ఎంఈలో మామూలుగా 1.3 రెట్లు, అంటే 7.8 బార్‌తో సరిపెడతారు. ఈ ఆదేశం ప్రకారం కనీసం 1.43 రెట్లు, అంటే 8.58 బార్.

ఇక ప్లేటు. ఎస్ఏ-240 316ఎల్ (ఏఎస్ఎంఈ స్టెయిన్‌లెస్ గ్రేడు) ఒక్కటే రాసి ఉన్న సర్టిఫికెట్‌తో కొంటే, ఆ మెటీరియల్‌కు ప్రత్యేక అప్రైజల్ (ఈ ట్యాంకుకు సరిపోతుందా అనే మదింపు) చేయించాలి. ఈఎన్ 10028-7 అనే యూరప్ ప్రమాణం ప్రకారం కూడా సర్టిఫై చేసిన ప్లేటు దొరుకుతుంది, అది అడగండి. 3.1 సర్టిఫికెట్ (ఆ ప్లేటు పరీక్షల ఫలితాలతో తయారీదారు ఇచ్చే పత్రం) తప్పనిసరిగా తీసుకోండి. కోసే ముందు హీట్ నంబరును (ఆ స్టీలు ఏ కరిగింపు నుంచి వచ్చిందో చెప్పే నంబరు) ప్రతి ముక్క మీదకూ మార్చి పంచ్ చేయించండి. నంబరు లేని ముక్క ఎంత మంచిదైనా ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా.

వెల్డింగ్ ప్రొసీజర్లకూ వెల్డర్లకూ థర్డ్ పార్టీ ఆమోదం ఉండాలి. మూడో కేటగిరీ కాబట్టి వెల్డింగ్ జాయింట్లకు ఎన్‌డీటీ (జాయింటు పాడవకుండా లోపాలు వెతికే పరీక్ష) చేసేవాళ్లకూ ఉండాలి. సేఫ్టీ వాల్వు సీఈ గుర్తు ఉన్నదే కొనండి.

ఈ వారమే నోటిఫైడ్ బాడీకి డ్రాయింగు, వెల్డింగ్ ప్రొసీజర్లు, మీరు అనుకుంటున్న ప్లేటు గ్రేడు పంపండి. వాళ్ల జవాబు వచ్చాకే ఆర్డరు.