నీ ఇంజనీరు ఎక్కడ చదివాడు?

విశాఖపట్నం

తమ్ముడూ,

నవల మొదటి మూడు అధ్యాయాలూ చదివాను. పాతపోస్టాఫీసు వీధుల్ని బాగా పట్టుకున్నావు. చిక్కంతా నీ హీరోతోనే. 1880లో గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివాడన్నావు. 1933లో మన హార్బరు తెరిచేనాటికి కూడా డాల్ఫిన్స్ నోస్ కొండ కింద గుర్రమెక్కి తిరుగుతున్నాడు! అప్పటికి ఆయనకి డెబ్బై దాటి ఉండాలి కదయ్యా. పైగా ఆ కాలేజీ గిండీకి మారిందే 1920లో. 1794లో మద్రాసులో సర్వే స్కూలుగా పుట్టి, 1859లో సివిల్ ఇంజనీరింగ్ కాలేజీ అయింది.

తేదీలదేముంది, ఒక పూట కూర్చుంటే దిద్దుకోవచ్చు. ఆ రోజుల్లో ఇంజనీరు ఎక్కడ చదివాడన్నదాన్ని బట్టే ఎవరి ఎదుట కూర్చోవచ్చో, ఎవరి ఎదుట నిలబడాలో తేలిపోయేది. నీ కథకి కావలసింది అది. ఇండియా ఉద్యోగాల కోసమే 1871లో ఇంగ్లండులో కూపర్స్ హిల్ కాలేజీ పెట్టారు, 1906లో మూసేశారు. అక్కడ ఫీజు కట్టి చదివిన తెల్ల కుర్రాడు ఓడ దిగుతూనే అసిస్టెంట్ ఇంజనీరు. మనవాళ్లలో ఎక్కువమంది ఇంజనీరు కింద ఓవర్సీరుగానో సబ్ ఓవర్సీరుగానో చేరి, అక్కడక్కడే రిటైరయ్యేవారు. పూనాలో చదివిన విశ్వేశ్వరయ్యగారు 1884లో నేరుగా బొంబాయి పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంట్ ఇంజనీరయ్యారు, నిజమే. ఆ భాగ్యం కొద్దిమందిదే.

ఇక కాటన్ దొర. మనవాళ్లు ఆయన పేరు వినగానే దండం పెట్టి ఊరుకుంటారు, చదువు సంగతి అడగరు. ఇంగ్లండులో ఆడిస్కోంబ్ దగ్గర ఈస్టిండియా కంపెనీవారి సైనిక పాఠశాల, పదహారేళ్లకే మద్రాస్ ఇంజనీర్స్ దళంలో ఆఫీసరు ఉద్యోగం, 1821లో ఇండియా. ఆనకట్ట కట్టడం అక్కడెవరూ నేర్పలేదు. లోతు తెలియని ఇసుకలో పునాది ఎలా నిలబెట్టాలో కావేరి మీది పాత ఆనకట్ట కల్లణైని చూసి నేర్చుకున్నామని ఆయనే రాసుకున్నాడు. ఆ విద్యతోనే 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కి ముగించాడు. ఆయన కింద ఆ పని నడిపించిన వీణం వీరన్నగారి పేరు గోదావరి దాటి ఇటు వస్తే ఎంతమందికి తెలుసు? నన్నడిగితే నవల రాయాల్సింది అలాంటివాళ్ల మీదే.

కాబట్టి హీరోని సబ్ ఓవర్సీరుని చెయ్యి. గుర్రం పీకెయ్యి. హార్బరు వదిలెయ్యి, అది ఇంకో తరం కథ. రెండో అధ్యాయంలో రైలుకట్ట ఉందిగా, అది చాలు. బెజవాడ నుంచి కటకం దాకా ఆ లైను 1893–96 మధ్య తెరిచారు, నీ వాడి వయసుకి సరిగ్గా అతుకుతుంది.

అక్కడ మట్టిపని చూపించు. కట్టకి మట్టి తవ్విన గోతుల్లో మధ్య మధ్య చిన్న దిబ్బలు తవ్వకుండా వదిలేస్తారు. కొలతకి అవే సాక్షి. దిబ్బ ఎత్తెంతో తవ్విన లోతంత. పొడుగూ వెడల్పూ లోతూ మెజర్‌మెంట్ బుక్కులో ఎక్కితేనే బిల్లు, బిల్లయితేనే కూలి. అందుకని రాత్రికి రాత్రి దిబ్బ నెత్తిన నాలుగు తట్టల మట్టి పోసి, పైన గడ్డి అతికించే కంట్రాక్టర్లు ఉండేవారు. తెలిసిన ఓవర్సీరు టేపు తియ్యకముందే వంగి ఆ గడ్డి పట్టుకుని లాగుతాడు. వేరుతో పట్టుకుని ఉంటే సరే, చాపలా ఊడి వచ్చిందా, దొంగ లెక్క.

నీ వాడి చేతిలోకి ఆ గడ్డి ఊడి రావాలి. పక్కనే కంట్రాక్టరు నవ్వుతూ నిలబడాలి. వారం నుంచి కూలి అందని జనం గట్టు మీద కూర్చుని ఇతని మొహంకేసి చూస్తూ ఉండాలి. కొలత కొట్టేస్తే ముందు ఎవరి పొయ్యి ఆరుతుందో అతనికి తెలుసు. సాయంత్రం కూపర్స్ హిల్ దొర వచ్చి పుస్తకం మీద సంతకం పెడతాడు, గోతిలోకి దిగడు. నువ్వు మూడు అధ్యాయాలుగా వెతుకుతున్న గొడవ ఇదే.

దొర చేత మాత్రం వచ్చీరాని తెలుగు మాట్లాడించి నవ్వించకు, ఆ వేషం సినిమాల్లోనే అరిగిపోయింది. ఆ అధ్యాయం తిరగరాసి బేగి పంపు. మూడోది ఇప్పుడు ముట్టుకోకు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య