హెచ్‌యూఎస్ అన్నారు సరే, ఏ హెచ్‌యూఎస్?

ప్రశ్న: మా మనవడికి ఏడేళ్లు, 20 కిలోలు. నాలుగు రోజులు వాంతులు, నీళ్ల విరేచనాలు అయ్యాక ముఖం ఉబ్బింది, మూత్రం నల్ల టీ రంగులో కాస్త కాస్తే వచ్చింది. అమలాపురంలో చూసి హెచ్‌యూఎస్ (హీమోలిటిక్ యురేమిక్ సిండ్రోమ్) అని, విరేచనాల వల్లేనని చెప్పి కాకినాడ పంపారు. అక్కడేమో ‘ఫ్యాక్టర్ హెచ్ యాంటీబాడీ’ పరీక్ష చేయాలంటున్నారు. కారణం తెలిశాక మళ్లీ పరీక్షెందుకండీ?
– ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: కారణం ఇంకా తేలలేదు కాబట్టేనండీ. సన్నటి రక్తనాళాల్లో గడ్డలు కట్టి, వాటి మధ్య నలిగి ఎర్ర రక్తకణాలు ముక్కలవడం, ప్లేట్‌లెట్లు 1.5 లక్షల లోపుకు పడిపోవడం, కిడ్నీలు దెబ్బతినడం – ఈ మూడూ కలిస్తే హెచ్‌యూఎస్. ఎందుకు జరిగిందో ఆ పేరు చెప్పదు. వెనకటికి విరేచనాలుంటే ఒక రకం, లేకపోతే ఇంకో రకం అనేవారు. ఆ లెక్క ఇప్పుడు చెల్లదు, ఎందుకంటే రెండో రకం కూడా చాలాసార్లు వాంతులు, విరేచనాలతోనే మొదలవుతుంది.

షిగా టాక్సిన్ (పేగులో కొన్ని బ్యాక్టీరియా వదిలే విషం) రకం ఈ.కోలై ఓ157 వంటి బ్యాక్టీరియాతోనో, షిగెల్లా డిసెంట్రియే టైప్ 1తోనో వస్తుంది. ఎక్కువగా నెత్తురు విరేచనాలు పట్టుకుంటాయి, ఆ తర్వాత వారానికి అటూఇటూగా మూత్రం తగ్గుతుంది. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా పాకింది ఈ జాతిదే, ఓ104. మలం కల్చర్, టాక్సిన్ పీసీఆర్‌తో తేలుతుంది. వైద్యమంటే జాగ్రత్తగా లెక్కచూసి ద్రవాలివ్వడం, అవసరమైతే డయాలసిస్, అంతే. పిల్లలు ఎక్కువమంది కోలుకుంటారు.

మీ మనవడికి నెత్తురు పడలేదు, పైగా బడికెళ్లే వయసు. మన దేశంలో ఈ వయసు పిల్లల్లో ఫ్యాక్టర్ హెచ్ యాంటీబాడీల రకం చాలా ఎక్కువ. ఫ్యాక్టర్ హెచ్ అంటే రక్తంలోని కాంప్లిమెంట్ వ్యవస్థకు (క్రిములతో పోరాడే ప్రొటీన్ల దండుకు) బ్రేకు. దాన్ని యాంటీబాడీలు పట్టేస్తే కాంప్లిమెంట్ సొంత రక్తనాళాల మీదే పడుతుంది. సీ3 (కాంప్లిమెంట్ ప్రొటీన్లలో ఒకటి) నార్మల్‌గా వచ్చినా ఇది కాదని తోసెయ్యకూడదు. ప్లాస్మా ఎక్కించకముందే శాంపిల్ తీయాలి, ఎక్కించాక తీస్తే ఫలితం నమ్మలేం. రిపోర్టు కోసం ఆగకుండానే ప్లాస్మా మార్పిడి (రక్తంలోని ద్రవభాగం తీసేసి దాతల ప్లాస్మా ఎక్కించడం) మొదలుపెడతారు. కిలోకి 60–75 మి.లీ. లెక్కన మీ బాబుకు రోజుకు 1,200–1,500 మి.లీ. ప్లేట్‌లెట్లు లక్ష దాటి, ఎల్‌డీహెచ్ (కణాలు చితికితే రక్తంలో పెరిగే ఎంజైమ్) దిగేదాకా రోజూ చేసి, తర్వాత రోజు విడిచి రోజు. యాంటీబాడీలని తేలితే యాంటీబాడీలను అణిచే స్టెరాయిడ్, సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందులు కలుపుతారు. ఆలస్యమైన కొద్దీ కిడ్నీ తిరిగి రావడం కష్టం. డాక్టర్లను తొందరపెట్టాల్సింది ఇక్కడే.

మిగతావి క్లుప్తంగా: ఏడాది లోపు పసివాళ్లలో డీజీకేఈ జన్యులోపం, లేదా విటమిన్ బీ12 వాడుకోలేని లోపం. రెండోదానికి రక్తంలో హోమోసిస్టీన్ ఎంతుందో చూస్తారు, హైడ్రాక్సోకోబాలమిన్ ఇంజెక్షన్‌తో దారికొస్తుంది. న్యుమోకాకస్ న్యుమోనియాతో వచ్చేదానిలో కూంబ్స్ పరీక్ష (ఎర్ర కణాలకు యాంటీబాడీలు అంటుకున్నాయేమో చూసేది) పాజిటివ్ రావచ్చు, అక్కడ ప్లాస్మా వీలైనంత వరకు ఇవ్వరు. బాలింతల్లో, పెద్దవాళ్లలో ముందు అడామ్‌టీఎస్13 అనే ఎంజైమ్ ఎంత పనిచేస్తోందో చూస్తారు. 10 శాతం లోపుంటే అది టీటీపీ (ఆ ఎంజైమ్ లోపంతో గడ్డలు కట్టే వేరే జబ్బు), హెచ్‌యూఎస్ కాదు.

ప్రశ్న: కోతల్లో మా తమ్ముణ్ని రక్తపింజరి కాటేసింది. యాంటీవెనమ్ ఇచ్చారు. అయినా మూత్రం ఆగింది, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. హెచ్‌యూఎస్ లాంటిదే అన్నారు. ప్లాస్మా మార్పిడి చేయించాలా?
– ఒక పాఠకురాలు, ఆకివీడు

జవాబు: విషంతో వచ్చే ఈ రకం హెచ్‌యూఎస్‌ను పోలే ఉంటుందమ్మా. తేడా ఏమిటంటే ఇందులో మొదట రక్తం గడ్డకట్టదు: పీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) పెరుగుతుంది, గడ్డకట్టించే ప్రొటీన్ ఫైబ్రినోజెన్ పడిపోతుంది. మామూలు హెచ్‌యూఎస్‌లో ఇవి సాధారణంగా సరిగానే ఉంటాయి. పాముకాటుకు ప్లాస్మా మార్పిడి మేలు చేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. అసలు వైద్యం సకాలంలో యాంటీవెనమ్, అవసరమైనన్నాళ్లు డయాలసిస్. చేలల్లో, బురదలో దిగేవారికి ఎలుక మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్‌లో కూడా ప్లేట్‌లెట్లు, కిడ్నీలు రెండూ పడతాయి. కామెర్లు, పిక్కల నొప్పి ఉంటే ఆ పరీక్ష అడగండి.

ప్రశ్న: నెత్తురు విరేచనాలకు ఊళ్లో ఇచ్చే ‘కట్టు’ మాత్ర వేయొచ్చా?
– ఒక తల్లి, నరసాపురం

జవాబు: విరేచనాలు కట్టే లోపెరమైడ్ లాంటి మాత్ర వద్దు, టాక్సిన్ పేగులో నిలిచిపోతుంది. యాంటీబయాటిక్ మాట వేరు. షిగెల్లాకి తప్పనిసరి, ఓ157కి ఇస్తే హెచ్‌యూఎస్ ముప్పు పెరగవచ్చు. అందుకే మొదటి డోసు పడకముందే మలం శాంపిల్ ల్యాబ్‌కి పంపండి. ఆ తర్వాత పది రోజులపాటు బాబు మూత్రం, ముఖం వాపు గమనించండి. ఎనిమిది గంటలు మూత్రం రాకపోతే సీబీసీ (రక్తకణాల లెక్క), స్మియర్ (కణాలను మైక్రోస్కోపులో చూడటం), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) ఆ రోజే చేయించండి.