పై-హోల్ పెడితే ఇంట్లో యాడ్స్ అన్నీ పోతాయా?

"పై-హోల్ పెట్టుకుంటే ఫోన్లు, టీవీ అన్నింట్లో యాడ్స్ పోతాయా? అంత శ్రమ పడటం అవసరమా?" అని అడిగారు. పై-హోల్ అంటే ఇంటి నెట్‌వర్క్‌కు డీఎన్ఎస్‌గా (డొమైన్ పేరు, అంటే సైట్ పేరు అడిగితే దాని ఐపీ అడ్రస్ చెప్పేది) పనిచేస్తూ, యాడ్స్, ట్రాకింగ్ డొమైన్లను ఆపే సాఫ్ట్‌వేర్. దానితో యాడ్స్ అన్నీ పోవు. యూట్యూబ్ యాడ్స్ అయితే అస్సలు పోవు. వీడియో వచ్చే డొమైన్ల నుంచే యాడ్ కూడా వస్తుంది కాబట్టి, దాన్ని ఆపితే వీడియో కూడా ఆగిపోతుంది. అయినా పెట్టుకోండి అనే చెప్తాను. యాడ్స్ కోసం కాదు, క్వెరీ లాగ్ కోసం, అంటే ఏ పరికరం ఏ డొమైన్‌ను అడిగిందో చూపే చిట్టా కోసం.

మా ఇంట్లో ఒక పాత రాస్ప్‌బెర్రీ పై (చిన్న సైజు కంప్యూటర్) మీద నడుస్తోంది. పెట్టిన కొత్తలో ఒక రాత్రి అందరూ పడుకున్నాక లాగ్ తెరిచాను. ఎక్కువ క్వెరీలు పంపుతున్నది ఏ ఫోనో అనుకున్నాను, తీరా చూస్తే హాల్లో టీవీ! రిమోట్‌తో ఆపేసిన టీవీ అది. అయినా ఒకే ట్రాకింగ్ డొమైన్‌ను పదే పదే అడుగుతోంది, బ్లాక్ అయినకొద్దీ మళ్ళీ అడుగుతోంది. ఒళ్ళు మండిపోయింది. డబ్బులు పోసి కొన్నది మనం, మనం ఏం చూస్తున్నామో కూడా ఆ కంపెనీ వాళ్ళకే కావాలా? సెట్టింగ్స్‌లో వెతికితే, చూసినవాటి సమాచారం పంపే ఆప్షన్ ఎక్కడో మెనూల అడుగున ఆన్ చేసి ఉంది. వెంటనే తీసేశాను. మర్నాడు హోమ్ స్క్రీన్‌లో బ్యానర్ ఉండే చోటు ఖాళీ. "టీవీ ఇవాళ ప్రశాంతంగా ఉందేంట్రా" అంది అమ్మ.

కొన్నాళ్ళకు బ్యానర్లు మళ్ళీ వచ్చాయి. లాగ్‌లో మాత్రం టీవీ పేరే లేదు. రౌటర్‌లో చూస్తే, అది మన డీఎన్ఎస్‌ను పక్కన పెట్టి నేరుగా గూగుల్ డీఎన్ఎస్ అయిన 8.8.8.8కి వెళ్తోంది. పోర్ట్ 53 (డీఎన్ఎస్ క్వెరీలు మామూలుగా వెళ్ళే దారి) మీద, పై-హోల్ సొంత క్వెరీలు తప్ప, బయటికి వెళ్ళే ప్రతిదాన్నీ పై-హోల్‌కే మళ్ళించేలా ఫైర్‌వాల్ రూల్ రాశాక దారికొచ్చింది. డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ (డీఓహెచ్, డీఎన్ఎస్ క్వెరీలను ఎన్‌క్రిప్ట్ చేసి పంపే పద్ధతి) వాడే పరికరాలకు ఈ రూల్ సరిపోదు. అది పోర్ట్ 443లో మామూలు వెబ్ ట్రాఫిక్‌తో కలిసిపోతుంది. తెలిసిన డీఓహెచ్ సర్వర్ల అడ్రసులను విడిగా ఆపాల్సిందే.

ఇంకో మాట. "సేఫ్టీకి సెకండరీ డీఎన్ఎస్‌గా 8.8.8.8 ఇవ్వండి" అని చాలామంది సలహా ఇస్తుంటారు. దయచేసి వినకండి. మొదటిది పనిచేయనప్పుడే రెండోదాని దగ్గరికి వెళ్ళాలని పరికరాలకు నియమమేమీ లేదు, ఎటు వీలైతే అటు వెళ్తాయి. సగం యాడ్స్ అలాగే జారిపోతాయి. అంత భయముంటే రెండో పై-హోల్ పెట్టండి. ఐపీవీ6 (కొత్త తరం ఐపీ అడ్రసుల పద్ధతి) ఆన్‌లో ఉంటే రౌటర్ దాని మీద వేరే డీఎన్ఎస్ పంచుతోందేమో కూడా చూడండి, లీకులు ఎక్కువగా అక్కడే ఉంటాయి.

దొరికిన బ్లాక్ లిస్టులన్నీ (ఆపాల్సిన డొమైన్ల జాబితాలు) కలిపేయడం కూడా నాకు నచ్చదు. లాగిన్ పేజీలు తెరుచుకోక ఇంట్లో వాళ్ళు విసుక్కుంటారు, చివరికి మొత్తం ఆపేయమంటారు. పై-హోల్‌తో వచ్చే స్టీవెన్ బ్లాక్ లిస్టుతో మొదలుపెట్టండి. ఆపైన ఏం ఆపాలో మీ లాగ్ చూసి మీరే నిర్ణయించుకోండి. ముందు టీవీ పేరు మీద ఫిల్టర్ పెట్టి చూడండి.