షట్టర్ అద్దెకిస్తానంటే ‘ఆయన లోకల్ కాదు’ అంటున్నారు

ప్రశ్న: మాది హనుమకొండ. ఇంటి ముందు రోడ్డు మీదికి రెండు షట్టర్లున్నాయి. ఒకటి బిహార్ నుంచి వచ్చిన ఒకాయనకు రొట్టెల హోటల్ కోసం ఇస్తానని మాటిచ్చాను. ఏడేళ్లుగా కాజీపేటలో పని చేసుకుంటూ ఈమధ్యే భార్యాపిల్లలను తెచ్చుకున్నాడు. పక్క షాపులవాళ్లు ‘బయటోళ్లకు ఇస్తే ఊరుకోం’ అంటున్నారు. ఫారాలు నింపిపెట్టే బ్రోకరేమో ‘ఇక్కడి ఓటరు కార్డు లేకుంటే బల్దియా (మున్సిపల్ కార్పొరేషన్) ట్రేడ్ లైసెన్సు ఇవ్వదు, నీ పేరు మీద తీసుకో, ఆయన నడుపుకుంటాడు’ అన్నాడు. అలా చేయొచ్చా? ఆయన తమ్ముడికి పానీపూరీ బండి ఉంది. దానికీ ఇదే గొడవ వస్తుందా?

జవాబు: ముందు బ్రోకర్ సలహా పక్కన పెట్టండి. లైసెన్సు మీ పేరు మీద ఉంటే, రేపు ఆ హోటల్లో తిన్నవాళ్లకు వాంతులైనా, సిలిండర్ పేలినా నోటీసు మీ ఇంటికే వస్తుంది. నడిపేది నేను కాదని అప్పుడు చెబితే, అబద్ధం చెప్పి లైసెన్సు తీసుకున్నారని ఇంకో తలనొప్పి. నెల అద్దె కోసం అంత టెన్షన్ ఎందుకు?

ఇక లోకల్ సంగతి. కొలువులు స్థానికులకే ఇవ్వాలన్న ముల్కీ ఉద్యమం 1952లో మొదలైందే వరంగల్‌లో కాబట్టి, ఆ మాట మనకు కొత్తది కాదు. కానీ ముల్కీ నిబంధనలైనా, 1973లో రాజ్యాంగంలో చేర్చిన 371-డి అయినా, 2018 రాష్ట్రపతి ఉత్తర్వులైనా ప్రధానంగా చెప్పేది సర్కారు కొలువుల గురించి, చదువుల్లో సీట్ల గురించి. దుకాణం వాటిలో లేదు. దేశంలో ఎక్కడైనా ఉండే హక్కు, ఏ వ్యాపారమైనా చేసుకునే హక్కు 19వ అధికరణం ప్రతి పౌరుడికీ ఇచ్చింది. పుట్టిన చోటును బట్టి ప్రభుత్వం వివక్ష చూపరాదని 15వ అధికరణం చెబుతుంది. బల్దియా కూడా దానికి లోబడాల్సిందే. 2025 ఆగస్టులో ‘మార్వాడీ గో బ్యాక్’ నినాదాలు వచ్చినప్పుడు కూడా చాలామంది నన్ను ఇదే అడిగారు. నినాదాలతో చట్టం మారదు.

ట్రేడ్ లైసెన్సు చూసేది జాగాను, చేసే పనిని. మన నగరానికి 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం వర్తిస్తుంది. షాపు ఎన్ని చదరపు అడుగులు, ముందున్న రోడ్డు ఎంత వెడల్పు అన్నదాన్ని బట్టి ఫీజు. దరఖాస్తు ఆయన పేరు మీదే పెట్టించండి. గుర్తింపు కార్డు, మీతో రాసుకున్న అద్దె ఒప్పందం, మీ ఇంటిపన్ను రసీదు జతచేయాలి. ఆధార్‌లో బిహార్ అడ్రసున్నా షాపు ఎక్కడుందో మీ ఒప్పందమే చెబుతుంది. అసలు చిక్కు మీ వైపు నుంచే రావొచ్చు. పన్ను బకాయి ఉన్నా, ఆ షట్టర్ రికార్డులో ఇంకా నివాసంగానే ఉన్నా ముందు సరిచేయించుకోండి.

తిండి వ్యాపారం కాబట్టి ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ విడిగా తీసుకోవాలి. షాపుల చట్టం కింద కార్మిక శాఖలో నమోదు కూడా ఉంటుంది. దాని నిబంధనల ప్రకారం బోర్డు మీద పేరు తెలుగులో ఉండాలి, హిందీలో రాసుకుంటే తెలుగు కింద రాసుకోవాలి. లోకల్ అనే పట్టింపు చట్టంలో ఎక్కడైనా ఉందంటే ఆ బోర్డు మీదే!

కౌంటర్లో ఎవరైనా నోటిమాటగా ‘కాదు’ అంటే వాదించకండి. దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి, తిరస్కరిస్తే కారణం రాసివ్వమనండి. ఉలుకూ పలుకూ లేకుంటే సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో ఫైలు ఎక్కడుందో అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. పుట్టిన ఊరే కారణమని రాసిస్తే హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ పిటిషన్ వేయొచ్చు. రాతపూర్వకంగా అలా ఇచ్చేంత ధైర్యం ఎవరికీ ఉండదని నా నమ్మకం.

పక్క షాపులవాళ్లకు మీ షట్టర్ ఎవరికివ్వాలో చెప్పే అధికారం లేదు. బెదిరిస్తే అది భారతీయ న్యాయ సంహిత 351 కింద నేరం, పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. అయితే పొగ, మోరీలో జిడ్డునీళ్లు, అడ్డంగా పెట్టే బండ్లు అని ఫిర్యాదు చేస్తే మాత్రం బల్దియా వినాల్సిందే. ఆ అవకాశం ఇవ్వకండి. పొగగొట్టం పైకప్పు దాటించండి, ఇంటి గ్యాస్ కాకుండా 19 కిలోల కమర్షియల్ సిలిండరే వాడాలని ఒప్పందంలోనే రాయండి.

తమ్ముడి బండికి 2014 వీధి వ్యాపారుల చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం కింద జరిగే వీధి వ్యాపారుల సర్వేలో పేరెక్కించుకుని వెండింగ్ సర్టిఫికెట్ తీసుకోవాలి. 14 ఏళ్లు నిండి ఉండాలి, బండిని తనో తన కుటుంబమో నడపాలి, వేరే జీవనాధారం ఉండకూడదు, ఇంకొకరికి అద్దెకివ్వకూడదు. స్థానికుడై ఉండాలన్న షరతు లేదు. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్న వ్యాపారులను ఖాళీ చేయించొద్దని అదే చట్టం అంటోంది. వీధి వ్యాపారం ప్రాథమిక హక్కేనని 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కాకపోతే ఫలానా మూల నాదే అనే హక్కు ఎవరికీ లేదంది. చౌరస్తాలో ట్రాఫిక్‌కు అడ్డమని పక్కకు జరగమంటే జరగాల్సిందే. మీ షట్టర్ ముందు పెట్టుకున్నా సరే, అది రోడ్డయితే మీరు బాడుగ వసూలు చేయడం కుదరదు.