మొదటిసారి కుక్కను పెంచుతున్నవాళ్లు రిట్రీవర్ పిల్లకు వేట శిక్షణ సొంతంగా ఇవ్వగలరా?

తప్పకుండా ఇవ్వగలరు. వేటగాడు కాల్చితే పడిన పక్షిని వెతికి తెచ్చే తపన లాబ్రడార్, గోల్డెన్ లాంటి రిట్రీవర్ జాతులకు పుట్టుకతోనే ఉంటుంది. మీరు నేర్పాల్సింది అదుపు.

8 వారాల పిల్ల ఇంటికి రాగానే పేరు గుర్తుపట్టడం, పిలిస్తే రావడం, కూర్చోవడం మొదలుపెట్టండి. ఒక్కో పాఠం 5 నిమిషాలు చాలు. వస్తువు తెచ్చివ్వడం నేర్పడానికి ఇరుకైన నడవా మంచిది. అక్కడ మెత్తటి బొమ్మ విసిరితే, పట్టుకున్నాక మీ వైపు రావడం తప్ప దానికి వేరే దారి ఉండదు. రెండు మూడుసార్లు విసిరి, ఇంకా కావాలని చూస్తుండగానే ఆపేయండి. నోట్లోది గుంజి లాక్కోకండి. పళ్లు బిగించడం అలవాటైతే రేపు పక్షి నలిగిపోతుంది. 4 నుంచి 6 నెలల మధ్య పాలపళ్లు ఊడుతూ చిగుళ్లు నొప్పిగా ఉంటాయి కాబట్టి అప్పుడీ ఆట తగ్గించండి.

అన్నిటికన్నా జాగ్రత్త తుపాకీ శబ్దం దగ్గర. ఎలా ఉంటుందో చూద్దామని పిల్లను నేరుగా కాల్పులు జరిగేచోటికి తీసుకెళ్లడం దానికి చేసే అన్యాయం. ఒకసారి బెదిరిందంటే ఆ భయం పోగొట్టడం చాలా కష్టం. అది ఉత్సాహంగా బొమ్మ వెంట పరుగెత్తుతున్నప్పుడు, బాగా దూరం నుంచి ఇంకొకరితో చిన్న శబ్దం చేయించండి. పట్టించుకోకపోతేనే, రోజుల తరబడి కొద్దికొద్దిగా దగ్గరికి జరపండి.

నీళ్లూ అంతే. చల్లగా, లోతుగా ఉన్నచోట తోసేయకండి, మీరే దిగి పిలవండి.

మీరు చెప్పేదాకా కదలకుండా కూర్చోవడం ఆరు నెలలు దాటాక గట్టిగా నేర్పవచ్చు.